ప్రార్థన గొలుసు

“పింగాణీది పైకి పోదు ఇర్మా. ఇందాకట్నుంచీ చెప్తూనే ఉన్నాను. రేకు పళ్ళెం ఉంది కదా, దాంట్లో పెట్టు.”

“రేకు పళ్ళెం చూస్తే ఆమె ముద్ద ముట్టడం లేదు అత్తయ్యా.”

“పళ్ళెం చూసి తింటారా ఎవరైనా? పళ్ళెంలో ఉన్నది చూసి తింటారు. నా కాలంలో ఈ వంటింట్లోంచి పైకెళ్ళిందంతా రేకు పళ్ళేల్లోనే వెళ్ళింది. పెళ్ళాన్ని చంపి వచ్చినవాడు కూడా దాంట్లోనే తిన్నాడు. ఇంకాస్త గ్రేవీ ఉందా అని అడిగి మరీ తిన్నాడు.”

బంగాళాదుంపల తొక్క తీస్తున్న ఇర్మా కూతురు గ్లెండా కిసుక్కున నవ్వింది. నానమ్మ తల తిప్పి చూసేసరికి మళ్ళీ దుంపల్లోకి తల దించుకుంది.

పోలీసు పెద్ద అయిన షెరీఫ్ ఇల్లూ, జైలూ ఒకే కప్పు కింద ఉన్న కౌంటీ అది. వంటింట్లో సామాన్ల గది పక్కనే ఇనప తలుపు. దాని వెనక మెట్లు. మెట్ల పైన ఆడవాళ్ళ గది. షెరీఫ్‌ని పెళ్ళాడిన ఆడది జైలు మేట్రన్ కూడా అవుతుంది. ఖైదీలకి వండాలి, ఆడఖైదీ వస్తే కాపలా ఉండాలి. ఒటీలియా తన భర్త షెరీఫ్‌గా ఉన్నన్నాళ్ళూ ఆ పని చేసింది. ఇప్పుడు కొడుకు ఎమిల్ షెరీఫ్, కోడలు మేట్రన్. అత్తగారు ఉద్యోగం వదిలింది గాని గరిటె వదల్లేదు.

“పింగాణీ పగిలితే ముక్క చేతికి దొరుకుతుంది,” అంది ఒటీలియా, ఈసారి గొంతు తగ్గించి. “ఆ ముక్కతో ఆ పిల్ల ఏం చేసుకున్నా జవాబు చెప్పుకోవాల్సింది నా కొడుకు.”

ఆ మాట నిజమే. నిజం కాబట్టే ఇర్మాకి ఒళ్ళు మండింది.

“ఆమె ఏమీ చేసుకోదు. బిడ్డ బతికుందో లేదో తెలిసేదాకా ఏ తల్లీ ఏమీ చేసుకోదు.”

పొయ్యి మీద క్యాబేజీ కుతకుతమంటోంది. ఒటీలియా అటు తిరిగి, పిండి ఉండలు ఉడికాయో లేదో చూసే పనిలో పడింది.

ఇర్మా నూడిల్స్ చారు, రొట్టె, గసగసాలు కూరిన ఒక కొలాచీ బన్నూ పింగాణీ పళ్ళెంలోనే సర్దింది. ఇనప తలుపు తాళం తీసింది. వెనక నుంచి అత్తగారి నిట్టూర్పు మెట్లెక్కేదాకా వినిపించింది.

రోడా కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ అంతే. నది ఒడ్డున ఉండే కడవరి కోత అనే సంఘం వాళ్ళు కిటికీల్లోంచి బయటికి చూడరు. బయట ఉన్నదంతా కాలిపోయిన చేను, చూస్తే కళ్ళకి మసి అంటుతుందని వాళ్ళ కాపరి చెప్తాడట. కాపరి అంటే ఆ సంఘానికి పెద్ద. వాడి అసలు పేరు ఎమిల్‌కి తెలుసు గాని అక్కడ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు.

ఈ పిల్లని పశువుల మందుల కొట్లో పట్టుకున్నారు. కోటు లోపల ఆవులకి పొడిచే పెన్సిలిన్ సీసాలు, లావుపాటి సూది. ఎవరి కోసమని ఎంత అడిగినా నోరు విప్పలేదు. నిన్న రాత్రి ఇర్మా దుప్పటి ఇవ్వడానికి వచ్చినప్పుడు, దుప్పటి అందుకుంటూ చెప్పేసింది. కూతురు ఆడా గడ్డి అటక మీంచి పడింది. కాలి ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది, పుండు వాసన వేస్తోంది. కాపరి డాక్టర్ని రానివ్వలేదు. తల్లి మనసులో ఉన్న అనుమానం పోయినప్పుడు బిడ్డ కాలు అదే అతుక్కుంటుందన్నాడు.

“వెళ్తున్నారా?” అంది రోడా.

“ముందు తిను.”

“వెళ్తున్నారా అని అడుగుతున్నాను.”

ఆడాని తీసుకురావడానికి ఎప్పుడు వెళ్తున్నారో ఎవరికీ చెప్పొద్దన్నాడు ఎమిల్. ఈమెకి కూడా చెప్పొద్దన్నాడు. ఇర్మా పళ్ళెం మంచం మీద పెట్టి, పక్కనే తనూ కూర్చుంది.

“రేపు తెల్లారకముందు. పాలు పితికే వేళకి. నువ్వు చెప్పినట్టే.”

రోడా చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. “మగవాళ్ళంతా కొట్టంలోనే ఉంటారు. తుపాకులు కొట్టం బయట గోడకి ఆనించి పెడతారు. లోపలికి తెస్తే ఆవులు బెదురుతాయని. రోజు మొత్తం మీద వాళ్ళ చేతుల్లో తుపాకులు లేనిది అప్పుడొక్కటే.” చెంచా తీసుకుంది. మళ్ళీ ఆగింది. “ఇంకెవరికీ తెలీదు కదండీ?”

“ఈ ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు.”

రోడా ఒక చెంచా చారు తాగింది. ఇంకో చెంచా. మింగుతూనే మాట్లాడింది. “నేను వచ్చేటప్పటికే కాలు వాసన వేస్తోంది. తెలియకుండా ఉండడానికి గది నిండా పుదీనా ఆకు నలిపి పోశారు. ఇప్పుడు నాకు పుదీనా వాసన వేస్తే...” కొలాచీ చేతిలోకి తీసుకుని, దాన్ని చూస్తూ ఉండిపోయింది.

ఇర్మా రోడా గది తలుపు వేసి కిందికి వచ్చేసరికి పెరటి గుమ్మంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. డెల్బర్ట్ ఎమిల్ దగ్గర డిప్యూటీ. మామూలుగా అయితే వస్తూనే ఏదో ఒక గిన్నె మూత తీసి చూస్తాడు. ఇవాళ టోపీ చేత్తో నలుపుతున్నాడు.

“అక్కా, బావ ఏడీ?”

“ఆఫీసు వైపున్నాడు. ఏమైందిరా?”

“ధాన్యం గోదాము దగ్గరికి వెళ్ళాను. అక్కడ మొక్కజొన్న లారీల వరస ఉంది కదా. లారీలోంచి ఓ ముసలాయన తల బయట పెట్టి, రేపు పొద్దున జాగ్రత్తరా డెల్బర్ట్, నది ఒడ్డున మంచు ఎక్కువుంటుంది అన్నాడు.”

గ్లెండా చేతిలో చాకు ఆగింది.

“ఏదో మామూలుగా అన్నాడేమో,” అంది ఇర్మా.

“పాలు పితికే వేళకి మంచు ఎక్కువుంటుంది అన్నాడక్కా.”

ఎమిల్ ఆ మాట విన్నాడు. ఆఫీసు వైపు తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఎవరూ చూడలేదు. భారీ మనిషి, నడక మాత్రం పిల్లి నడక. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“ఎవరికి చెప్పావు?” అన్నాడు.

“నేనా?” డెల్బర్ట్ ముఖం ఎర్రబడింది. “నేను చెప్తే నేనే వచ్చి నీకు చెప్తానా బావా?”

“చెప్పాననుకుని చెప్పవు నువ్వు. కాఫీ హోటల్లో కూర్చుంటావు. ఏరా రేపు సెలవేనా అని ఒకడడుగుతాడు. లేదు, పొద్దున్నే పనుంది అంటావు. అంతే. మిగతాది వాళ్ళు అల్లుకుంటారు.”

“వారం నుంచి ఆ హోటల్ గుమ్మం తొక్కలేదు.”

“మరి నీ పెళ్ళాం?”

“నా పెళ్ళాం వాళ్ళమ్మ దగ్గరుంది. నీకు తెలుసు. అక్కకి తెలుసు. ఊరంతటికీ తెలుసు.” డెల్బర్ట్ చొక్కా మీద డిప్యూటీ బిళ్ళ ఊడదీసి బంగాళాదుంపల తొక్కల పక్కన పెట్టాడు. “నామీద నమ్మకం లేకపోతే ఇదుంచుకో. మీ ఇంట్లో కుక్కకి తగిలించు. అది మొరిగినా ఎవరికీ అర్థం కాదు.”

“డెల్బర్ట్,” అంది ఇర్మా.

“నువ్వాగక్కా. మీ పెళ్ళైన దగ్గర్నుంచీ ఏ పని చెడినా ముందు నా ముఖమే చూస్తాడు.”

ఇర్మా ఇద్దరి మధ్యా నిలబడింది. ఒకరి వైపు మాట్లాడితే రెండోవాళ్ళకి కోపం. ఇన్నేళ్ళుగా ఆమె నేర్చుకున్నది ఏమీ మాట్లాడకుండా బల్ల తుడవడం. ఇప్పుడూ గుడ్డ అందుకుంది. బిళ్ళ పక్కనే తుడిచింది గాని బిళ్ళని కదపలేదు.

గోడమీద ఫోను మోగింది.

“నేను చూస్తాను,” అని ఒటీలియా గబగబా వచ్చింది గాని, ఇర్మా దగ్గరగా ఉంది.

“ఇర్మా? నేనమ్మా, కుల్మన్ ఆంటీని. భోజనాల వేళ, ఎక్కువసేపు పట్టుకోను. ఒక్కమాట చెబుదామని. నువ్వేం దిగులు పెట్టుకోకు. మధ్యాహ్నం నుంచీ అందరం ప్రార్థన చేస్తూనే ఉన్నాం. గొలుసు చివరిదాకా వెళ్ళింది, ఒక్కరు కూడా తప్పలేదు. రేపు తెల్లవారుజామున ఎవరి వంటింట్లో వాళ్ళం మోకాళ్ళ మీద ఉంటాం. మీ అత్తగారితో చెప్పు.”

“చెప్తాను,” అంది ఇర్మా. ఫోను తగిలించింది.

వాళ్ళ చర్చి ఆడవాళ్ళకి ఒక ప్రార్థన గొలుసు ఉంది. ఎవరింట్లో కష్టం వచ్చినా ఒకరు ఫోను చేసి రెండోవాళ్ళకి చెప్తారు. రెండోవాళ్ళు మూడోవాళ్ళకి. ఎవరికి ఎవరు చెయ్యాలో వరస ఉంటుంది. బల్ల దగ్గర అన్నం చల్లారిపోతున్నా సరే, గొలుసు తెగనివ్వరు.

ఇర్మా అత్తగారి వైపు చూసింది. ఒటీలియా మూత పెట్టి ఉన్న గిన్నెకి మళ్ళీ మూత సవరిస్తోంది.

“ఎవరు?” అన్నాడు ఎమిల్.

ఇర్మా చెప్పకపోయినా అతనికి అర్థమైంది. డెల్బర్ట్‌కి కూడా. తమ్ముడు ఇప్పుడు నవ్వుతాడేమోనని ఆమె భయపడింది. అతను నవ్వలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయాడు.

“అమ్మా,” అన్నాడు ఎమిల్. “ఏం చెప్పావు? అన్నది అన్నట్టు చెప్పు.”

“ఏమీ చెప్పలేదు.”

“అమ్మా.”

“మా అబ్బాయి రేపు పొద్దున పాలు పితికే వేళకి నది వైపు వెళ్తున్నాడు, వాడికోసం ప్రార్థించండి అన్నాను. ఎందుకో చెప్పలేదు. కడవరి కోత పేరే ఎత్తలేదు.”

“నది దగ్గర ఇంకేముందమ్మా? చేపలు పట్టడానికి వెళ్తున్నాననుకుంటారా?”

“వేళ చెప్పకపోతే ఎప్పుడు ప్రార్థించాలో వాళ్ళకెలా తెలుస్తుంది?” అంది ఒటీలియా. “మీ నాన్న వెళ్ళిన ప్రతిసారీ చెప్పాను. గొలుసు కట్టకుండా ఆయన్ని ఈ గుమ్మం దాటనివ్వలేదు. ప్రతిసారీ తిరిగొచ్చాడా లేదా?”

“నాన్న వెళ్ళింది దొంగసారా కాచేవాళ్ళ మీదికి. వాళ్ళెవరూ చర్చి ఆడవాళ్ళకి చుట్టాలు కారు.”

“దేవుడితో చెప్పుకున్నాను. అది కూడా తప్పంటే నేనిక ఈ ఇంట్లో ఉండి ఏం లాభం?”

“దేవుడితో కాదత్తయ్యా,” అంది ఇర్మా. “కుల్మన్ ఆంటీతో చెప్పారు.”

ఆ మాట అనకుండా ఉండవలసింది. అనేశాక వెనక్కి తీసుకోలేకపోయింది. ఒటీలియా ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. ఆరిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

“గొలుసులో పెల్ట్జ్ వాళ్ళావిడ ఉందా?” అని అడిగాడు డెల్బర్ట్ మెల్లిగా.

ఒటీలియా కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఉంది,” అంది.

పెల్ట్జ్ వాళ్ళ కొడుకు గోర్డన్ కిందటేడు నుంచి కడవరి కోతలోనే ఉంటున్నాడు. గేటు కాపలా వాడిదే. మధ్యాహ్నం ఫోను అందుకోగానే ఆ తల్లి ఏం చేసి ఉంటుందో ఎవరూ నోటితో చెప్పుకోవలసిన పని లేకపోయింది. రేపు పొద్దున గేటు దగ్గర ఉండకురా నాన్నా, అని ఉంటుంది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని ఇర్మా చూసింది. కుదరలేదు. తనైనా అదే చేసేది.

ఎమిల్ బల్ల దగ్గరికి వచ్చి బిళ్ళ తీసి, అంటుకున్న తొక్క దులిపి బావమరిది ముందు పట్టుకున్నాడు.

“పెట్టుకో.”

“తప్పయింది అనవా?”

“పెట్టుకోరా.”

డెల్బర్ట్ తీసుకుని చొక్కాకి తగిలించుకున్నాడు.

రాష్ట్రం నుంచి రావలసిన పోలీసులకి ఎమిల్ ఆఫీసులోంచి ఫోను చేశాడు. తలుపు సగం మూసి ఉంది. “అవును” “లేదు” “నాకు తెలుసు” అన్న మాటలు తప్ప ఏమీ వినిపించలేదు. బయటికొచ్చాక అతను నేరుగా సామాన్ల గదిలోకి వెళ్ళాడు. ఇర్మా వెనకే వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. మూడు మాటలు విడిగా మాట్లాడుకోవాలంటే ఆ ఇంట్లో వాళ్ళకి అదొక్కటే చోటు. దోసకాయ పచ్చడి సీసాల మధ్య వాళ్ళు ఎన్నో పోట్లాటలు పోట్లాడుకున్నారు.

“ఏమన్నారు?”

“బయటపడిపోయింది కాబట్టి రేపు వద్దన్నారు. ఇంకా మనుషుల్ని పోగు చేసుకుని సోమవారం వస్తామన్నారు.”

“డాక్టర్ ఏమన్నాడు? పొద్దున నువ్వడిగావుగా.”

ఎమిల్ ఒక సీసా మూత బిగించాడు. అది బిగిసే ఉంది.

“ఎమిల్.”

“ఆ వాసన గురించి చెప్తే, ఇవాళ తీసుకొచ్చినా కాలు దక్కదన్నాడు. ఇంకా ఆలస్యం అయితే...” ఆగాడు.

“అయితే?”

“పిల్ల దక్కదన్నాడు.”

బయట మళ్ళీ ఫోను మోగింది. గ్లెండా తలుపు తోసుకుని లోపలికొచ్చింది. పాలిపోయి ఉంది. “నాన్నా, నీకే. పేరు చెప్పలేదు. నన్ను చెల్లెమ్మా అన్నాడు.”

ఎమిల్ రిసీవర్ అందుకుని, ఇర్మాకి కూడా వినపడేలా చెవికి కాస్త ఎడంగా పట్టుకున్నాడు. కాపరి గొంతు ఆహ్లాదంగా ఉంది. విత్తనాలు అమ్ముకోవడానికి వచ్చేవాళ్ళ గొంతులా ఉంది.

“భోజనం వేళకి ఇబ్బంది పెట్టానా షెరీఫ్ గారూ?”

“చెప్పండి.”

“రేపు మా దగ్గరికి వస్తున్నారట. మీకోసం ఊళ్ళో ఆడవాళ్ళంతా ప్రార్థిస్తున్నారట. మంచిది. మేమూ చేస్తాం. పిల్లలందర్నీ పెందలాడే లేపి గేటు దగ్గర వరసగా నిలబెడతాం. మీరొచ్చేసరికి పాటలు పాడుతుంటారు. చిన్నవాళ్ళు ముందు.”

“పెద్దవాళ్ళెక్కడుంటారు?”

“వెనక.”

ఎమిల్ దవడ కదిలింది. “ఆడా ఎలా ఉంది?”

“ఆ కాల్లో ఉన్నది తల్లి అనుమానం షెరీఫ్ గారూ. తల్లిని పంపించండి, పాప లేచి కూర్చుంటుంది. మగవాళ్ళెవరూ మా గేటు దాటే పని లేదు. రోడా నడిచి వస్తే చాలు. మీరు శ్రమ పడకండి.”

అవతల ఫోను పెట్టేశాడు. వాడు పెట్టేశాక కూడా ఎమిల్ రిసీవర్ అలాగే పట్టుకుని, “రోడాని పంపిస్తే చాలంటున్నాడు,” అన్నాడు గట్టిగా.

ఇనప తలుపు వెయ్యడం ఇర్మా మర్చిపోయింది, ఆ మాట పైకి వినపడింది. పైనుంచి రోడా కేకలు వినిపిస్తున్నాయి. “నన్ను పంపించండి! వింటున్నారా? పంపించండి నన్ను!”

ఇర్మా మెట్లెక్కింది. రోడా రెండు చేతులా ఊచలు పట్టుకుని ఉంది.

“వాడు అడుగుతోంది నన్నే కదా. నేను వెళ్తాను. దొంగతనం కేసు ఏమైనా చేసుకోండి, తర్వాత వచ్చి ఒప్పుకుంటాను.”

“నువ్వు వెళ్తే తర్వాతన్నది లేదు రోడా. ఇద్దరూ అక్కడే ఉండిపోతారు.”

“ఉంటే ఉంటాం. అది పోయేదైతే నన్ను చూస్తూ పోతుంది కదా!”

ఇర్మా ఊచల మీద ఉన్న ఆ చేతుల్ని పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. ఓదార్చకుండా అడగడం మొదలుపెట్టింది.

“ఆడాని ఏ గదిలో ఉంచారు?”

“పాలగది పక్కన. ఎందుకు?”

“దగ్గర ఎవరుంటారు?”

“ఆడవాళ్ళు. వంతుల వారీగా.”

“పొద్దున గేటు దగ్గర?”

“గోర్డన్. తుపాకీ వదలడు. కొట్టంలోకి పంపరు వాణ్ణి, కాపలా కదా.” రోడా ముక్కు ఎగపీల్చింది. “ఆడా పడ్డప్పుడు ఏడ్చింది వాడొక్కడే. అలా ఏడ్చినందుకు భోజనం పెట్టలేదు వాడికి.”

ఇర్మా కిందికి వచ్చేసరికి వంటింట్లో చప్పుడు లేదు. గ్లెండా బల్ల మీద పళ్ళేలు సర్దుతోంది. ఒటీలియా కూర్చున్నచోటే ఉంది. ముఖం ఒక్కపూటలో వడిలిపోయింది.

“అత్తయ్యా, పెల్ట్జ్ వాళ్ళ గోర్డన్ చర్చి ఆదివారం బళ్ళో మీ దగ్గరేనా చదువుకున్నది?”

“నా దగ్గరే.” ఒటీలియా తలెత్తింది. “మాట తడబడేది వాడికి. అందరి ముందూ బైబిలు వచనం అప్పజెప్పమంటే నా గౌను జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడేవాడు. అలా నిలబడితే మాట వచ్చేది. ఎందుకు?”

ఇర్మా పిండి ఉండలు కోసి, పంది మాంసం పక్కన పెట్టి, క్యాబేజీ వడ్డించింది. ఎమిల్‌కి గ్రేవీ పోసింది. ఎవరికి ఎంత కావాలో ఆ ఇంట్లో ఎవరూ అడగరు, ఆమె చేతికి తెలుసు.

ఎమిల్ తల వంచి భోజనం ముందు చెప్పే ప్రార్థన మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. ఆ మాట అందుకుని పూర్తి చెయ్యడం ఎప్పుడూ ఒటీలియా పని. ఇవాళ ఆవిడ పెదవి కదపలేదు. చివరికి ఎవరూ ఆమెన్ అనకుండానే చెంచాలు కదిలాయి.

“రేపు నేను వెళ్ళడం లేదు,” అన్నాడు ఎమిల్ పళ్ళెంలోకి చూస్తూ. “సోమవారం వాళ్ళొచ్చాక వెళ్తాం.”

“చీకటి పడకముందే ఇప్పుడే వెళ్దాం బావా,” అన్నాడు డెల్బర్ట్. “రేపు కదా వాళ్ళు మనకోసం చూసేది.”

“ఫోను పెట్టిన మరుక్షణం నుంచీ చూస్తూనే ఉంటారు. పిల్లల్ని నిలబెడతానంటున్నాడు. నీ తుపాకీ ఎటు పెడతావు చెప్పు. ఎటు పెడతావు?”

డెల్బర్ట్ మాంసం కోస్తూ ఉండిపోయాడు. ఎంతకీ కోస్తూనే ఉన్నాడు.

“మరి ఆడా?” అంది గ్లెండా.

ఇర్మా ఎమిల్ వైపు చూసింది.

“నన్నలా చూడకు ఇర్మా,” అన్నాడు ఎమిల్.

“నేనేమన్నాను?”

“ఏమీ అనకుండా చూస్తున్నావు, అదే. నువ్వు తిట్టినా బాగుండును. అక్కడ ఎంతమంది పిల్లలున్నారో తెలుసా నీకు? కళ్ళు మూసుకుంటే నాకు వాళ్ళందరూ కనిపిస్తున్నారు. నీకు ఒక్కతే కనిపిస్తోంది.”

“అవును. నాకు ఒక్కతే కనిపిస్తోంది. మిగతావాళ్ళు నిలబడి పాడగలుగుతున్నారు.”

ఎమిల్ చెంచా పళ్ళెంలో పడేశాడు. గ్రేవీ చిట్లి బల్లగుడ్డ మీద పడింది. ఇంకోరోజైతే ఒటీలియా లేచి తడిగుడ్డ తెచ్చేది. ఆ మరక అలా పరుచుకుంటుంటే అందరూ చూస్తూ కూర్చున్నారు. పైన రోడా నడుస్తున్న చప్పుడు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు.

ఇర్మా లేచి రొట్టె కోసుకొచ్చింది. అందరికీ ఒక్కో ముక్క పెట్టింది. తను కూర్చుని, తన ముక్కకి వెన్న రాసుకుంది.

“గ్లెండా,” అంది. “రేపు పొద్దున ఖైదీల టిఫిను నువ్వు చూసుకోవాలి. ఓట్స్ జావ చాలు. ఆఫీసు వెనక గదిలో ఉన్న తాగుబోతాయనకి కాఫీ చిక్కగా ఇవ్వు, లేకపోతే పోట్లాడతాడు. రోడాకి కాస్త ఎక్కువ పెట్టు. ఎంత ఏడ్చినా తలుపు మాత్రం తియ్యకు.”

“నువ్వెక్కడికి వెళ్తున్నావమ్మా?”

“నేనూ నానమ్మా నది దగ్గరికి వెళ్తున్నాం. మన కార్లో.”

ఒటీలియా చేతిలో రొట్టెముక్క అలాగే ఆగింది. ఈ సంగతి ఆవిడకీ ఇప్పుడే తెలిసింది.

“మగవాళ్ళెవరూ గేటు దాటక్కర్లేదన్నాడుగా,” అంది ఇర్మా. మార్చి వేసుకునే దుప్పట్ల గురించి చెప్తున్నంత మామూలుగా ఉంది గొంతు. “పొద్దున ఇచ్చిన ఉత్తర్వులో జడ్జిగారు పిల్లని మేట్రన్‌కి అప్పగించమని రాశారు. మేట్రన్‌ని నేను. గేటు దగ్గర ఉండేది గోర్డన్. నన్ను చూస్తే వాడు తుపాకీ దించడు. అత్తయ్యని చూస్తే దించుతాడేమో. ఎమిల్ నది మీద వంతెన దగ్గర ఆగుతాడు. అక్కణ్ణుంచి మేమిద్దరం.”

“దించకపోతే?” అన్నాడు ఎమిల్.

ఇర్మా వెన్న గిన్నె మూత పెట్టింది.

“దించకపోతే అని అడుగుతున్నాను నిన్ను!”

ఎమిల్ తల్లి వైపు తిరిగాడు. ఇర్మా ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ, చారులో ఉప్పు మొదలుకుని పిల్లకి పేరు పెట్టడం దాకా, ఆమె అన్న ఏ మాటనూ దిద్దకుండా ఒటీలియా వదల్లేదు. ఇప్పుడూ దిద్దుతుందని అతను ఎదురుచూశాడు. ఆ ముఖంలో అంత ఆశ ఇర్మా ఎన్నడూ చూడలేదు.

ఒటీలియా రొట్టెముక్క పళ్ళెంలో పెట్టింది. నోరు తుడుచుకుంది.

“కారు నువ్వే నడపాలి,” అంది కోడలితో. “మంచులో నాకు దారి ఆనదు.”